టూ-స్ట్రోక్ బండి ఊపిరి: కార్బురేటరు కథ

కోనసీమలో ఏ కాలువగట్టు మీదనైనను ఒక పాత మోటారు సైకిలు ఆగిపోయినదనుకొనుడు. చుట్టును చేరిన నలుగురి నోటను మొదట వచ్చు మాట ఒక్కటే: "కార్బురేటర్లో చెత్త పడుంటుందండీ." ఆ మాట కొన్ని వేళల నిజమే. పెక్కు వేళల మాత్రము అది పాలు విరిగినపుడు గిన్నెను నిందించుట వంటిది. గిన్నెలో మురికి ఉన్నను పాలు విరుగును. కాని పాలు పులిసినవై ఉన్నచో గిన్నెను ఎన్నిమార్లు తోమినను ఫలితము లేదు.

ముఖ్యముగా, పాత టూ-స్ట్రోక్ ఇంజనును పూర్తిగా విప్పి, సిలిండరు బోరు చేయించి, కొత్త పిస్టను వేసి, మరల బిగించిన బండ్ల విషయమున ఈ నింద తరచుగా అన్యాయమగుచున్నది. కార్బురేటరును పదిమార్లు కడుగుదురు, జెట్లు మార్తురు, తుదకు కొత్త కార్బురేటరే కొని తగిలింతురు. అప్పటికిని చిక్కు తీరదు. ఏల తీరదో తెలిసికొనుటకు మంచి మార్గమొకటి కలదు. వైద్యుడు రోగిని చూడగనే మందు వ్రాయడు. ముందుగా పూర్వచరిత్ర అడుగును. ఈ యంత్రమునకును ఒక పూర్వచరిత్ర కలదు. అది తెలిసినవారికి రోగమెక్కడ దాగునో సగము తెలిసినట్లే.

మొదట ఈ బండ్లు మన సీమకు ఇంతగా ఎందుకు నచ్చినవో చూతము. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమను, సముద్రమునకు ఎదురుగను ఉన్న భూమి మనది. ధవళేశ్వరము వద్ద 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట పనితో సర్ ఆర్థర్ కాటన్ ఈ లంకలకు కాలువలు తెచ్చెను. ఆ కాలువల గట్లే తరువాత బాటలైనవి. రైలు చిరకాలము గౌతమి ఆవలి ఒడ్డునే ఆగిపోయినది. కాకినాడ నుండి కోటిపల్లి రేవు వరకు ఉన్న పట్టాలు కూడ రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెరికివేయబడి, 2004లో గాని మరల పడలేదు. కనుక అమలాపురము నుండి రాజోలుకైనను, కొత్తపేట నుండి లంకలలోనికైనను పోవలసినవారికి ఉన్నవి మూడే: పడవ, సైకిలు, కాలినడక. బస్సులు వచ్చిన పిమ్మటను బస్సు పోని గట్లు ఎన్నో మిగిలినవి.

అట్టి చోట కావలసినది బరువైన యంత్రము కాదు. ఇరుకు గట్టుపై పోగలది, బురదలో దిగబడినచో ఇద్దరు మనుష్యులు ఎత్తి వేయగలది, రేవులో పంటుపైకి సులువుగా ఎక్కింపదగినది కావలెను. ఇట్టి బండికి టూ-స్ట్రోక్ ఇంజను సరిగా సరిపోయినది. ఢిల్లీ పరిసరమున ఎస్కార్ట్స్ సంస్థ 1962 నుండి తయారు చేసిన రాజదూత్, మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1960ల ఆరంభమునుండి చేసిన జావా, దాని తరువాతి యెజ్డీ, 1972లో వచ్చిన లూనా, 1980లో హోసూరునుండి వచ్చిన టి.వి.ఎస్. 50, 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్.100, ఇవన్నియు ఆ కుటుంబములోనివే. కొబ్బరికాయల బస్తాలు, పాల కేనులు, చేపల బుట్టలు, రావులపాలెము సంతకు పోవు అరటి గెలలు వీని వీపుపైననే సాగినవి. నేడును పాత రాజదూతులను, ఆర్.ఎక్స్. బండ్లను కొని, విప్పి, మరల కట్టి, ముళ్ల టైర్లు వేసి బురదబాటలలో నడుపు యువకులు కనబడుచున్నారు. ఈ ప్రసంగము వారి కొరకును, వారి బండి చప్పుడునకు గుండె దడదడలాడు వారి ఇంటివారి కొరకును.

ఇక కార్బురేటరు పుట్టుక. దాని పని చెప్పుటకు చాల సులువు: గాలిలో పెట్రోలును తుంపురులుగ కలిపి ఇంజనుకు అందించుట. పూర్వము మన ఇండ్లలో దోమల మందు చల్లు ఫ్లిట్ పంపు ఉండెడిది గదా! పిడి నెట్టినపుడు గాలి ఒక సన్నని గొట్టము మూతిమీదుగా వేగముగ పోవును. వేగముగ పోవు గాలి వద్ద ఒత్తిడి తగ్గును. డబ్బాలోని మందు ఆ తగ్గుదల వలన పైకి లేచి తుంపురులై పోవును. కార్బురేటరు చేయునదియు అంతే. వేగము పెరిగినచో ఒత్తిడి తగ్గునను సూత్రమును స్విట్జర్లాండు దేశీయుడైన డానియల్ బెర్నూలీ 1738లో ప్రకటించెను. ఇరుకైన నడుము గల గొట్టములో ప్రవాహము ఎట్లు వర్తించునో ఇటలీ దేశీయుడు వెంచురి 1797లో వివరించెను. మోటారు బండి ఊహలోనైన లేని కాలమున దాని ముక్కుపుటము తయారైనదన్నమాట.

మొదటి పెట్రోలు బండ్లకు ఇట్టి తుంపురు యంత్రము లేదు. పెట్రోలుపై గాలిని పారించి ఆవిరిని పట్టుటయే వారు ఎరిగిన పద్ధతి. ఎండలో ఆవిరి ఎక్కువ, చలిలో తక్కువ. బండి కుదుపులకు అది మరియు తారుమారు. 1893లో బుడాపెస్టు నగరమున డోనాట్ బాంకి, యానోష్ చోంకా అను ఇద్దరును, అదే సంవత్సరమున జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్‌యును, సన్నని రంధ్రము నుండి పెట్రోలును చిమ్మించు కార్బురేటరుకు వేర్వేరుగ హక్కులు పొందిరి. అందులో ఒక చిన్న తొట్టి, తొట్టిలో తేలు బెండు వంటి ఫ్లోటు ఉండును. తొట్టిలో పెట్రోలు ఎప్పుడును ఒకే మట్టమున నిలుచునట్లు అది చూచును. కుళాయి తొట్టిలో బంతి తేలి నీటిని ఆపునట్లే ఇదియును.

కాని గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. కార్బురేటరు తనంత తాను గాలిని పీల్చదు. ఇంజను పీల్చినంతయే దానిగుండ పోవును. అనగా అది ముక్కు మాత్రమే, ఊపిరితిత్తి కాదు. ఊపిరితిత్తిలో చిల్లి పడినచో ముక్కుకు మందు వేసి లాభమేమి? ఈ మాట అన్ని ఇంజనులకును వర్తించునుగాని, టూ-స్ట్రోక్ ఇంజనుకు వర్తించినంతగా మరి దేనికిని వర్తింపదు. ఏల అనగా దాని ఊపిరితిత్తి పిస్టనుపైన కాక పిస్టను క్రింద ఉన్నది.

ఇది బ్రిటనులో జరిగిన ఒక విచిత్రమైన కల్పన. పిస్టను రెండుమార్లు కదలగనే ఒకసారి పేలుడు వచ్చు ఇంజనును డుగాల్డ్ క్లర్క్ 1881 నాటికి చేసి చూపెను. కాని గాలిని లోనికి నెట్టుటకు ఆయనకు వేరొక సిలిండరు కావలసివచ్చెను. బాత్ నగరవాసి జోసెఫ్ డే 1889లో మొదలిడి 1891లో హక్కు పొందిన ఇంజనులో ఆ రెండవ సిలిండరు లేదు. పిస్టను క్రింద క్రాంకు తిరుగు గది ఉన్నది గదా, దానినే గాలి పంపుగా వాడవచ్చునని ఆయన కనిపెట్టెను. పిస్టను పైకి పోవునపుడు క్రింది గదిలో శూన్యత ఏర్పడి, కార్బురేటరు నుండి మిశ్రమము ఆ గదిలోనికి వచ్చును. పిస్టను దిగునపుడు ఆ గదిలో ఒత్తిడి పెరిగి, మిశ్రమము ప్రక్కదారుల గుండ పిస్టను పైకి చేరును. కొద్దికాలములోనే డే వద్ద పని చేసిన ఫ్రెడరిక్ కాక్ ఇంకొక మెట్టు ఎక్కి, ఆ ద్వారములను తెరచుటయు మూయుటయు పిస్టను అంచులకే అప్పగించెను. వాల్వులు లేవు, వాని స్ప్రింగులు లేవు, వానిని త్రిప్పు చక్రములు లేవు. కదలునవి మూడే: పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు.

మూడు కదలు భాగములతో ఇంజను అగుటయే దీని భాగ్యము. అదియే దీని బలహీనతయును. క్రాంకు గది గాలి పంపు కనుక అది సంపూర్ణముగ మూసికొని ఉండవలెను. కాని క్రాంకు రెండు కొనలును ఆ గది గోడల గుండ వెలుపలికి రావలెను: ఒక కొనకు మాగ్నెటో, రెండవ కొనకు క్లచ్చుకు పోవు పళ్లచక్రము. ఆ రెండు చోట్లను గాలి చొరకుండ కాపాడునవి రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దవియైన రెండు రబ్బరు ఆయిల్ సీళ్లు. బండి మొత్తము వాని పెదవులపై ఆధారపడి ఉన్నది.

ఈ ఇంజను బాత్ నగరమునుండి బురదబాటలకు వచ్చిన దారి కూడ చెప్పదగినదే. జర్మనీలోని త్షోపావు పట్టణమున డి.కె.డబ్ల్యు. సంస్థ చౌక టూ-స్ట్రోక్ బండ్లు చేసి, 1920ల చివర ప్రపంచములోనే పెద్ద మోటారు సైకిళ్ల సంస్థ అయ్యెను. అడాల్ఫ్ ష్నూర్లె అను ఇంజనీరు 1925లో హక్కు పొందిన ద్వారముల అమరికను ఆ సంస్థ చేపట్టగా, మిశ్రమము సిలిండరులో చుట్టుతిరిగి పాత పొగను మునుపటికంటె బాగుగ వెళ్లగొట్టసాగెను. 1939లో వచ్చిన ఆర్.టి.125 అను వారి చిన్న బండిని, యుద్ధానంతరము ఇంగ్లండు, అమెరికా, రష్యా, జపానులు ఎవరి పేరుతో వారు తయారు చేసిరి. జపానులో యమహా సంస్థ మొట్టమొదటి బండి 1955లో వచ్చినది. అదియు దాని ప్రతిరూపమే. 1961లో తూర్పు జర్మనీ పందెగాడు ఎర్న్‌స్ట్ డెగ్నర్ ఆ దేశము విడిచి వెళ్లి సుజుకీ సంస్థలో చేరెను. ఆయనతోపాటు ఎం.జెడ్. సంస్థలో వాల్టర్ కాడెన్ సాధించిన రహస్యములును జపానుకు చేరినవి. మరుసటి సంవత్సరమే సుజుకీకి 50 సి.సి. తరగతిలో ప్రపంచ విజయము లభించెను.

బురద పందెములు ఇంగ్లండులో 1924 నుండి జరుగుచున్నవి. చాలకాలము వానిలో బరువైన ఫోర్-స్ట్రోక్ బండ్లదే పైచేయి. 1964లో బెల్జియము యువకుడు జొయెల్ రొబెర్ట్ 250 సి.సి. తరగతిలోను, 1966లో జర్మనీకి చెందిన పాల్ ఫ్రీడ్రిక్స్ 500 సి.సి. తరగతిలోను జెకోస్లోవేకియా దేశపు సి.జెడ్. టూ-స్ట్రోక్ బండ్లపై ప్రపంచ విజేతలైరి. తేలికబండి బురదలో ఏనుగులను దాటిపోగలదని అప్పుడు లోకమునకు తెలిసెను. మన రాజదూత్ కూడ యూరపు సంతానమే, పోలండులోని ఎస్.హెచ్.ఎల్. సంస్థ ఎం.11 నమూనా దానికి మూలము. జావా జెకోస్లోవేకియాది, ఆర్.ఎక్స్.100 జపానుది. కోనసీమ కాలువగట్టున ఈ మూడు దేశముల బండ్లు ఒకే చెట్టు నీడన మరమ్మతుకు నిలిచినవి.

ఇప్పుడు ఆ చెట్టు నీడకు పోదము. విప్పి కట్టిన బండి మొరాయించుచున్నది. ఏ వరుసను చూడవలెను?

మొదటి ప్రశ్న: పెట్రోలు తొట్టి వరకు వచ్చుచున్నదా? ట్యాంకు మూతలో గాలి చొరుటకు చిన్న రంధ్రముండును. అది రంగుతోనో మట్టితోనో పూడినచో, బండి కొంత దూరము చక్కగ పోయి ఆగును. మూత తెరచి మూయగనే మరల పోవును. కార్బురేటరు నిరపరాధి. తరువాత తొట్టి అడుగు మర విప్పి, అందులోని పెట్రోలును గాజు సీసాలోనికి పట్టి వెలుతురున చూడవలెను. అడుగున ముత్యములవలె నీటిబొట్లు కనబడినచో దోషము ట్యాంకుది. ఎర్రని పొడి కనబడినచో అది ట్యాంకు లోపలి తుప్పు. కార్బురేటరును కడిగి ట్యాంకును విడిచినచో వారము తిరుగకమునుపే అదే కథ.

రెండవ ప్రశ్న: మిశ్రమము చిక్కనా, పలుచనా? బండిని కొంతదూరము నడిపి, వెంటనే ఆపి ప్లగ్గు విప్పి చూడవలెను. కాల్చిన ఇటుక రంగు, లేక కాఫీపొడి రంగు ఉన్నచో ఆరోగ్యము. తడిసి నల్లగ మసిపట్టినచో పెట్రోలు ఎక్కువ: ఫ్లోటు చిల్లిపడినదో, దాని సూది అరిగినదో, చోకు మూతపడకున్నదో, ఎయిర్ ఫిల్టరు బురదతో నిండినదో అయి ఉండును. సున్నమువలె తెల్లబారినచో పెట్రోలు తక్కువ, లేదా గాలి ఎక్కువ. ఈ "లేదా" అను మాటలోనే అసలు చిక్కంతయు ఉన్నది.

మూడవ ప్రశ్న: చిక్కు యాక్సిలరేటరు ఏ స్థితిలో నున్నపుడు వచ్చుచున్నది? ఈ బండ్ల కార్బురేటరులో ఒక స్లైడు పైకి క్రిందికి జరుగును. ఇంగ్లండులో 1920ల చివర మూడు సంస్థల కలయికతో ఏర్పడిన అమాల్ ఇట్టి కార్బురేటర్లకు పేరు పొందినది. అమాల్ అనుమతితో పనికి దిగిన జపాను సంస్థ మికుని దానిని ఇంకను దూరము కొనిపోయినది. ఆర్.ఎక్స్.100 బండ్లపై ఉన్నది మికుని నమూనాయే. ఇందులో నాలుగు భాగములకు నాలుగు వేళలు కలవు. యాక్సిలరేటరు దాదాపు మూసి ఉన్నపుడు స్లో జెట్టు, గాలి మర. ఎనిమిదవ వంతునుండి పావు వంతు వరకు స్లైడు క్రింది కోత. పావునుండి ముప్పావు వరకు సూది. ఆపైన మెయిన్ జెట్టు. పిడిపై రంగు గీతలు పెట్టుకొని నడిపినచో దోషము ఏ భాగముదో తెలియును. బండి ఆగి నిలిచినపుడు ఇంజను నిలువకున్నచో మెయిన్ జెట్టు మార్చుట, కాలు నొప్పికి కంటిలో మందు వేయుటయే.

ఈ మూడు పరీక్షలును ముగిసి, పెట్రోలు సరిగ వచ్చుచు, జెట్లు సరిగనే ఉన్నను, ప్లగ్గు తెల్లగనే ఉన్నదనుకొనుడు. యాక్సిలరేటరు విడిచినను ఇంజను వేగము వెంటనే తగ్గక, కొంతసేపు ఊళపెట్టి నెమ్మదిగ దిగుచున్నదనుకొనుడు. అప్పుడు జోసెఫ్ డే గాలి పంపును జ్ఞాపకము తెచ్చుకొనవలెను. ఎక్కడనో దొంగగాలి చొరుచున్నది. ఆ గాలి కార్బురేటరు గుండ రాలేదు కనుక దానితో పెట్రోలు రాదు. ఎన్ని జెట్లు మార్చినను ఆ దొంగను పట్టలేము.

విప్పి కట్టిన బండికి ఈ దొంగ ఎక్కువగ చొరుటకు కారణము స్పష్టము. ఇంజను విప్పినవారు పిస్టను కొందురు, రింగులు కొందురు. పాత సీళ్లనే మరల వేయుదురు, లేదా కొత్తవి వేయుచు సుత్తి దెబ్బకు వాని పెదవి మడతపెట్టుదురు. మాగ్నెటో వైపు సీలు చెడినచో గాలి చొరును. క్లచ్ వైపు సీలు చెడినచో గేరు నూనె లోనికి పీల్చబడి, తెల్లని పొగ ఆగక వచ్చును. గేరు నూనె మట్టము నానాటికి తగ్గును. ఒకే జాతి దోషము, రెండు విరుద్ధ లక్షణములు. క్రాంకు గది రెండు చిప్పల నడుమ, సిలిండరు క్రింద వేయు ప్యాకింగులు, కార్బురేటరును పట్టియుండు రబ్బరు గొట్టము కూడ ఇట్టివే. ఆర్.ఎక్స్.100 వంటి బండ్లలో మిశ్రమము వెనుకకు పోకుండ పలుచని రీడు రేకులు అడ్డుపడును. అవి విరిగినను వంగినను పెట్రోలు ఫిల్టరు వైపునకు తిరిగి చిమ్మును.

దీనిని పట్టుటకు సబ్బునీరు చాలును. కార్బురేటరును, సైలెన్సరును తీసి, రెండు ద్వారములను రబ్బరు బిరడాలతో బిగించి, ఒక బిరడా గుండ సైకిలు పంపుతో మెల్లగ కొద్దిపాటి గాలి ఎక్కించి, అతుకులన్నిటి మీదను సబ్బు నురుగు పూయవలెను. బుడగ లేచిన చోటనే దొంగ ఉన్నాడు. మాగ్నెటో వైపు సీలు చూచుటకు చక్రమును తీయవలసివచ్చును. ఆ శ్రమకు జడియరాదు. కొందరు ఇంజను నడుచుచుండగ అతుకులపై పెట్రోలు పోసి చూతురు. అది నిప్పుతో ఆట. ఇంటి ముంగిట అసలే తగదు.

ఇంతటి శ్రమ దేనికి, బండి ఎట్లో నడుచుచున్నది గదా యని కొందరందురు. ఇక్కడనే ప్రాణముల మాట ఉన్నది. పెట్రోలుతోనే నూనె కలిపి పోయు బండ్లలో పెట్రోలు తగ్గినచో నూనెయును తగ్గును. పలుచని మిశ్రమము ఇంజనును మితిమీరి కాల్చును. అదే క్షణమున పిస్టనుకు నూనె కరవగును. పిస్టను ఉబ్బి సిలిండరును కరచుకొనును. వేగముగ పోవుచున్న బండి వెనుక చక్రము ఒక్కసారిగ బిగిసిపోవును. ఒకవైపు కాలువ, ఒకవైపు చేను, నడుమ ఆరడుగుల గట్టు. ఆ క్షణమున ఎడమచేయి క్లచ్చును నొక్కినచో బండి దొర్లుకొనుచు ఆగును, లేనిచో మనిషి నీటిలో నుండును. తెల్లని ప్లగ్గు ఒక హెచ్చరిక. ఆ బండిపై పిల్లవానిని బడికి పంపరాదు.

భయపడి నూనె ఎక్కువ పోయుట కూడ సమాధానము కాదు. జెట్టు గుండ పోవు ద్రవములో నూనె భాగము పెరిగిన కొలది పెట్రోలు భాగము తగ్గును. ద్రవము చిక్కబడి నెమ్మదిగ పారును. చూచుటకు పొగ ఎక్కువైనను, మంట విషయమున మిశ్రమము ఇంకను పలుచబడును. సైలెన్సరులోను మసి పేరుకొనును. తయారీదారు చెప్పిన పాలు చెప్పినంతయే కలుపవలెను.

ఇటీవలి కాలమున మరియొక మార్పు వచ్చినది. అది బండిలో కాదు, పెట్రోలులో. ఆంధ్రప్రదేశముతో సహా కొన్ని రాష్ట్రములలో 2003 నుండి పెట్రోలులో నూటికి 5 పాళ్లు ఎథనాలు కలుపు పద్ధతి మొదలైనది. దేశములో 2022 నాటికి అది 10 పాళ్లకును, 2025 నాటికి 20 పాళ్లకును చేరినది. చెరకునుండి, ధాన్యమునుండి వచ్చు ఈ సారములో ఆమ్లజని ముందే ఉన్నది. పెట్రోలు ఒక పాలు పూర్తిగ మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. 20 పాళ్ల ఎథనాలు గల ఇంధనమునకు సుమారు 13.5 పాళ్లు చాలును. కనుక 1985 నాటి పెట్రోలుకు కొలిచి పెట్టిన జెట్టు నేటి ఇంధనమునకు కొంచెము పలుచనిదగును. ఎంతో కాలము చక్కగ నడచిన బండి, ఎవరును ముట్టకుండగనే, రోగిష్ఠి అగుటకు ఇది ఒక కారణము. పాత రబ్బరును కూడ ఇది ఉబ్బించును, గట్టిపరచును. చిరకాలము నిలువ ఉన్నచో తొట్టిలో తెల్లని పొడి పట్టించును.

సముద్రపు గాలి తగులు మన సీమలో ఇంకొక సంగతి కలదు. ఎథనాలుకు నీరన్నచో ప్రీతి. కొంతవరకు నీటిని తనలో ఇముడ్చుకొనును. మితిమీరినచో పెట్రోలును విడిచి, నీటితో చేరి ట్యాంకు అడుగున వేరొక పొరగా నిలుచును. కలిపిన నూనె మాత్రము పై పొరలోని పెట్రోలుతోనే ఉండును. బండికి మొదట అందునది అడుగు పొర. అందులో నూనె లేదు. కనుక నడుపని బండి ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి ఉంచరాదు. తొట్టిని ఖాళీ చేసి ఉంచవలెను.

వరదలలో మునిగిన బండికి ఈ మాట మరియు వర్తించును. 1986 ఆగస్టులో, 2022 జులైలో గోదావరి పొంగినపుడు లంక గ్రామములు నీట మునిగినవి. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ తోటలను నేలమట్టము చేసినది. అట్టి దినముల తరువాత మునిగిన బండికి వెంటనే కిక్కు కొట్టుట సహజము, అది కూడదు. ప్లగ్గు తీసి, ట్యాంకును, తొట్టిని, గేరు నూనెను పూర్తిగ వంపి, ప్లగ్గు లేకుండగనే మెల్లగ కిక్కు త్రిప్పి క్రాంకు గదిలోని నీటిని వెళ్లగొట్టి, శుభ్రమైన నూనె పోయవలెను. ఆలస్యమైన కొలది బేరింగులకు తుప్పు పట్టును. ఆ తుప్పు సీలు పెదవిని కోయును. ఆరునెలల తరువాత వచ్చు దొంగగాలికి మూలము ఆ వరదయే.

ఈ బండ్ల కాలము ముగియుట న్యాయమే. సిలిండరులో పొగ పోవు ద్వారమును, మిశ్రమము వచ్చు ద్వారమును ఒకే వేళ తెరచి ఉండుటచేత, పెట్రోలులో నాలుగవ వంతు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ, మండకయే వెలుపలికి పోవును. 1991లో మొదలై 1996లోను, 2000లోను బిగిసిన పొగ నిబంధనలకు అవి నిలువలేకపోయినవి. ఐడియల్ జావా, ఆర్.ఎక్స్.100 రెండును 1996లోనే ఆగినవి. 2015లో టి.వి.ఎస్. మోపెడ్డు కూడ ఫోర్-స్ట్రోక్ రూపము ధరించినది. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలైన బి.ఎస్.6 నిబంధనలతో కొత్త మోటారు సైకిళ్లపై కార్బురేటరు స్థానమును ఇంజెక్టరు ఆక్రమించినది. నేడు మెకానిక్కు కుర్రవాడు ఒక తీగ తగిలించి, తెరమీద పడిన అంకెను చదువుచున్నాడు.

ఆ అంకె ఉపయోగకరమే. కాని ఇంజెక్టరు గల బండిలోను దొంగగాలి చొరును. తెరమీది అంకె అచ్చటను "మిశ్రమము పలుచన" అని మాత్రమే చెప్పును, ఎందువలననో చెప్పదు. ఎందువలన అను ప్రశ్న మనిషి అడుగవలసినదే. సీసాలో పెట్రోలు పట్టి చూచుట, ప్లగ్గు రంగు చదువుట, సబ్బు బుడగ కొరకు కాచుట తెలిసిన పెద్ద మెకానిక్కులు మన పట్టణములలో ఇంకను ఉన్నారు. వారి వద్ద పనికి చేరిన కుర్రవాడు స్క్రూడ్రైవరు పట్టుటకు ముందు నేర్వవలసిన పాఠము ఒక్కటే: కనబడు భాగమును నిందించుటకు ముందు, గాలి ఎక్కడనుండి వచ్చుచున్నదో అడుగుము. మీ ఇంటి పాత బండి మరల మొరాయించిననాడు, కార్బురేటరు విప్పుటకు ముందు ఆ ప్రశ్న మీ మెకానిక్కును మీరే అడుగుడు. దాని ఖరీదు రెండు ఆయిల్ సీళ్లు. దాని వలన నిలుచునది కాలువగట్టున పోవు ఒక మనిషి.